బావగారి బంగారు చేపలు

ఇప్పటికీ ఎవరింట్లోనైనా గాజు తొట్టిలో చేపలు కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, చేపలేం చేశాయి? నా మంటంతా మా బావగారి మీద.

అరవైల చివర్లో నేను రేపల్లె నుంచి బాపట్లకు కాపురానికి వచ్చేసరికే, మా వారి అన్నగారు తెనాలిలో చేయించిన గాజు తొట్టి ముందు గదిలో ఉండేది. అందులో నాలుగు బంగారు చేపలు. ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఒకటే పాఠం చెప్పేవారు. “నీళ్ళు బాగుండాలండి, తిండి బాగుండాలండి. ఆ రెండూ ఉంటే ఎదగనిదంటూ ఉండదండి.”

ఆ నీళ్ళు మోసేది నేను. మా పెరటి బావి నీళ్ళు ఉప్పన. కుళాయి నీళ్ళకు మందు వాసన. అందుకని మంచినీళ్ళ చెరువు నుంచి బిందెతో తెచ్చి, గుడ్డలో వడకట్టి, ఇండుపగింజ అరగదీసి మట్టి అడుక్కి దిగాక పైతేట తొట్టిలో పోయాలి. కడుపుతో ఉండి కూడా మోశాను.

డాక్టరమ్మ నన్ను చూసి, ఒంట్లో రక్తం లేదు, రోజూ ఒక గుడ్డయినా తినమంది. ఇంట్లో గుడ్లు పెట్టే కోడి ఒక్కటే. ఆ గుడ్డు ఉడకబెట్టి ఇచ్చేదీ నేనే. పచ్చసొన బావగారు వేళ్ళతో నలిపి తొట్టిలో చల్లేవారు. తెల్లసొన అత్తయ్య ఆయన కంచంలోనే వేసేది.

ఆ సొన చేపలు తిన్నది తక్కువ, అడుగున కుళ్ళింది ఎక్కువ. నీళ్ళు జిడ్డు కట్టి కంపు కొట్టేవి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేవి. వేలెడంత వచ్చినవి వేలెడంతే ఉండిపోయాయి.

“అంత వేయకండి బావగారూ, నీళ్ళు పాడవుతున్నాయి” అన్నాను ఒకరోజు.

“నువ్వు సరిగా వడకట్టడం లేదమ్మాయ్” అన్నారు.

మా వారు పేపర్లోంచి తలెత్తలేదు. ఆ పేపరు లాక్కుని పొయ్యిలో పెట్టాలనిపించింది.

పురిటికి రేపల్లె వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి. మా అమ్మ దూదిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల దక్కుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

బావగారు చూడటానికి వచ్చారు. దూది కాస్త తొలగించి, “ఇదేంటమ్మా, ఇంత చిన్నగా ఉంది? ఏం ఎదగలేదే!” అన్నారు.

అంతవరకూ నేను ఆయన ముందు గొంతెత్తి ఎరగను.

“తిండి బాగుంటే ఎదుగుతాయని మీరే చెప్పేవారు కదండి. దీని తిండి మీ తొట్టిలో కుళ్ళిపోయిందండి” అన్నాను.

ఆయన మంచినీళ్ళయినా ముట్టకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు. పిల్ల దక్కింది. బాపట్ల తిరిగొచ్చాక ఆ కోడి పెట్టిన ప్రతి గుడ్డూ, సొనతో సహా, బావగారు చూస్తుండగా ఆ తొట్టి పక్కనే కూర్చుని తిన్నాను.