మూడో మీటరు

పప్పులో చింతపండు వేయాలా, మామిడికాయ వేయాలా అన్న ప్రశ్నను ఓటింగుకు పెట్టిన మొట్టమొదటి వంటిల్లు జనగామలో ఉంది. చరిత్రకారులు ఈ సంగతి గమనించినట్టు లేదు. ఆ వంటింటి రాజ్యాంగ నిర్మాత మా బావ రామచందర్. అణువిద్యుత్ కేంద్రంలో ఇంజినీరుగా పనిచేసి, రిటైరై సొంతూరు చేరిన ఆయనకు ఒక్కటే అలవాటు. ఇంట్లో ఏ నిర్ణయమైనా మూడు ఓట్లతో తేలాలి.

"రియాక్టరు వేడెక్కిందని ఒక్క మీటరు చెప్తే నమ్మం. మూడు పెడతం. రెండు ఒక్క మాట చెప్తే అదే నిజం" అని ఆయన చుట్టాలకు, పాలవాడికి, ఒకసారి పెళ్లిలో పురోహితుడికి కూడా వివరించాడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మనవి చేసుకున్నాడు.

"ఇంకో ఇద్దరిని అడుగుండ్రి" అన్నాడు బావ.

ఆ ఇంటి మీటర్లు ముగ్గురు: బావ, మా అక్క మనోరమ, కోడలు సాయిప్రియ. కొడుకు విజయ్‌కి ఓటు లేదు.

"నేనేం తప్పు చేసిన బాపూ?"

"తప్పు గాదురా. నీ ఒక వైరు మీ అమ్మ దిక్కున్నది, ఇంకో వైరు నీ పెండ్లాం దిక్కున్నది. అసొంటి మీటరు ఏం చూపించినా నమ్మొద్దు."

విజయ్ అప్పీలు చేసుకోలేదు. లోలోపల సంతోషించాడనే నా అనుమానం.

ఇక్కడొక విషాదం చెప్పాలి. ఇంత గొప్ప వ్యవస్థను స్థాపించిన మహానుభావుడు అందులో ఒక్కసారి కూడా గెలవలేదు.

కర్టెన్లు కొనేటప్పుడు అక్క ఆకుపచ్చ అంది. కోడలు నీలం అంది. ఇద్దరూ చెరో గోడ చూస్తూ కూర్చున్నారు. బావ గొంతు సవరించుకుని, "నల్లయి కొందం. దుమ్ము కనపడది" అన్నాడు.

"నల్లయా? గిది ఇల్లా, సినిమా హాలా?" అంది అక్క.

"ఆకుపచ్చయే మంచిగుంటయి అత్తమ్మా" అంటూ సాయిప్రియ అక్కడికక్కడే పార్టీ మారింది.

"రెండు, ఒకటి. సిస్టం మంచిగ పనిచేస్తున్నది" అని బావ పేపరు తీశాడు. ఓడిపోయిన మనిషి మొహంలో అంత తృప్తి నేను ఏ ఎన్నికల్లోనూ చూడలేదు.

సెలవులకు కాళేశ్వరం పోదామని అక్క, తన తల్లిగారి ఊరు మహబూబాబాద్ పోదామని సాయిప్రియ పట్టుబట్టారు. బావ ప్రతిపాదన మూడోది. "భూపాలపల్లి దాకా పోయి, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం చూసి వాపస్ వద్దం. దేవుని టీవీల చూడొచ్చు."

"మొదలు కాళేశ్వరం పోదాం అత్తమ్మా. వచ్చినంక మా అమ్మోళ్లింటికి."

"గట్లనే బిడ్డా."

దారిలో భూపాలపల్లి వస్తే కారు ఆపలేదు. బావ మెడ తిప్పి, ఆ పొగగొట్టానికి కనిపించినంతసేపూ నమస్కారం పెట్టాడు.

అసలు యుద్ధం మునక్కాయ చారు దగ్గర వచ్చింది. కోడలు పెట్టిన చారులో అక్క అడగకుండా ఇంకో చెంచా కారం వేసింది. మాటలు ఆగిపోయాయి. వారం తిరగకముందే, మేడమీద వేరు వంట పెట్టుకుంటానని సాయిప్రియ కొత్త స్టవ్వు తెప్పించింది. విజయ్ ఆ అట్టపెట్టె ఎత్తుకుని మెట్ల మధ్యలో నిలబడ్డాడు. కింద తల్లి ఏడుస్తోంది. పైన పెళ్లాం ఏడుస్తోంది. ఇల్లు రెండు కావడానికి ఇంకా ఆరేడు మెట్లే ఉన్నాయి.

బావ అత్యవసర సమావేశం ప్రకటించాడు.

"వేరు వంట మంచి ఆలోచన. కాని మీరిద్దరు అలిసిపోయిండ్రు. రేపటిసంది గా స్టవ్వు మీద అందరికీ నేనే వండుత. ఒకటే కుక్కర్ల అన్నం, పప్పు, చారు, మిర్చి బజ్జీలు. గ్యాసు మిగుల్తది."

అక్క ఏడుపు ఆగిపోయింది. "మీరు వండుతరా? పాలు కాగబెట్టుండ్రి అంటే గిన్నె మాడ్చి దానికి పొక్క పెట్టిండ్రు గద!"

"అత్తమ్మా, కుక్కర్ల బజ్జీలంట! జర మీరన్న చెప్పుండ్రి!" అని సాయిప్రియ పైనుంచి దిగి వచ్చింది. చారు తర్వాత ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది.

"రెండు, ఒకటి" అన్నాడు బావ.

ఇలాంటి మనిషిని రియాక్టరు దగ్గరికి ఎట్లా రానిచ్చారా అని, ఆ రోజు నాకు దేశభద్రత గురించి మొదటిసారి బెంగ పుట్టింది.

పోయినేడు బావ నిద్రలోనే వెళ్లిపోయాడు. ఆ ఒక్క నిర్ణయం మాత్రం ఓటింగుకు పెట్టలేదు.

మొన్న సంవత్సరీకానికి, ఆయనతో కలిసి పనిచేసిన బలరాం వచ్చాడు. అక్క ఆయనకు బావ ఓటముల చరిత్రంతా చెప్పి, "ఒక్కసారన్న గెలవకపాయె, పాపం" అంది.

"ఎట్ల గెలుస్తడు వదినా? ప్లాంటుల అన్న చేసే పనే గది" అన్నాడు బలరాం. "మూడు మీటర్లల్ల ఒకదానికి కావాలని తప్పు లెక్క ఇచ్చేటోడు. మిగిలిన రెండు ఒక్క మాట మీద నిలబడ్డయా లేదా అని చూసేటోడు. నిలబడితే సిస్టం మంచిగ పనిచేస్తున్నదని సంతకం పెట్టేటోడు."

అత్తా కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే ఆ నల్ల కర్టెన్లు..." అంది సాయిప్రియ.

"కుక్కర్ల బజ్జీలు..." అంది అక్క. ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ ఐకమత్యం గారెల దాకా నిలిచింది. పిండిలో అల్లం చాలలేదని అక్క, ఎక్కువైందని కోడలు. గొంతులు లేస్తున్నాయి. బావ కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్లి కూర్చున్నాను.

"నూనెల కాల్చుడెందుకక్కా? పిండి గట్లనే గిన్నెలల్ల పోసియ్యుండ్రి. చెంచాలతోని తింటరు."

"తమ్మీ, నువ్వు బయట కూసో!"

"చిన్న మామయ్యా, మీకు దండం పెడత!"

"రెండు, ఒకటి" అన్నాడు బలరాం.

ఆ స్టవ్వు ఇప్పటికీ మేడమీద అట్టపెట్టెలోనే ఉంది.