ఇంటి వెనక కార్ల షెడ్డు

ఆఫీసు సెల్లారులో ఎవరి కారు కిందనో నల్లటి ఆయిల్ కారి ఉంది. ఆ వాసనకు నానక్‌రామ్‌గూడలో మా ఇంటి వెనక షెడ్డు గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నాన్న తమ్ముడు, మా చిన్నాయన, కార్ల మెకానిక్కు. పని మానేసి ర్యాలీల వెంట తిరిగేవాడు. నాన్న అతని కోసం రేకుల షెడ్డు వేయించాడు. గోడకు పానాలు తగిలించాడు. కారు కింద నిలబడి పనిచేయడానికి మధ్యలో లోతైన గుంత తవ్వించాడు.

"షెడ్డు లేస్తే జర ఇంటి పట్టున ఉంటడు," అని అమ్మతో అనేవాడు.

పోలీసులొస్తే చిన్నాయన దాక్కోవడానికే ఆ గుంత అనుకున్నాను. నా దుప్పటి తెచ్చి అందులో పరిచాను.

"గిదేంది బిడ్డా?" అన్నాడు చిన్నాయన.

"నువ్వు దాక్కుంటే చలి పెడ్తది గద!"

ఆయన నవ్వలేదు. నన్ను ఎత్తుకుని, "అందరు దాక్కుంటే ఎట్ల బిడ్డా," అన్నాడు.

మర్నాడు ర్యాలీలో జరిగిన తోపులాటలో కిందపడ్డాడు. కుడిచేయి నలిగిపోయింది. దవాఖాన నుంచి వచ్చాక ఆ వేళ్లు సరిగా ముడుచుకునేవి కావు. పానా పట్టుకుంటే జారిపోయేది.

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా గులాల్ చల్లుకుంటుంటే, చిన్నాయన షెడ్డులో కూర్చుని ఎడమచేత్తో పానాలు తుడుస్తున్నాడు. నాన్న గుమ్మం దాకా వచ్చి, చూసి, వెనుదిరిగి వెళ్లిపోయాడు.

ఆ గుంత గురించి పొరబడ్డానని చాలా ఏళ్లు అనుకున్నాను. కానీ నాన్న ఆ షెడ్డు కట్టించింది తమ్ముణ్ణి దాచుకోవడానికే.