వరసలో మూడో మనిషి

బొగ్గింజన్ల రోజులవి. ఖరగ్‌పూర్ స్టేషన్లో బెంచీ మీద ఒకావిడ పులిహోర పొట్లం విప్పి, తమ్ముణ్ణి తెలుగులో బతిమాలుతోంది. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ముద్ద ముట్టకుండా, తిన్నగా ముందుకే చూస్తున్నాడు. ఏమైందని అడిగాను.

"నేరమేటీ లేదు, మతి బాగోలేదని జైల్లో ఎట్టినారమ్మా. ఏడేళ్ళకి ఇయ్యాల ఒగ్గినారు. అన్నం తిన్నాకే మాత్రెయ్యాలన్నాడు డాక్టరు. ఈడు తినడు."

"ఆకలి లేదేమో?"

"ఆకలి లేకేటి? అక్కడ వరసలో కూకోబెట్టి, తలలు లెక్కెట్టినాక తినమనేవోరట. ఇందాక ఈడి తల ముట్టి 'ఒకటి' అన్నాను, కదల్లేదు. ఒక్కడైతే వరసేటి?" అని నవ్వి, "మీరూ కూకోండమ్మా" అంది.

జైలు మాట వినగానే నేను సంచీ దగ్గరికి లాక్కున్నాను. ఆవిడ అది చూసింది. సిగ్గేసి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. నా చేతిలోనూ ఒక ముద్ద పెట్టింది. తనూ అటుపక్కన కూర్చుని, మా తలలు తాకుతూ "ఒకటి, రెండు, మూడు" అంది.

ఆయన తినడం మొదలుపెట్టాడు. నేనూ తిన్నాను. తర్వాత మాత్ర వేసుకున్నాడు.

"మరి ఇంటి దగ్గర ఎవరు కూర్చుంటారు?" అన్నాను.

"ఈదిలోవోళ్ళని పిలుత్తాను. బయపడతారు. మీరు బయపడి కూడా కూకున్నారు గదా."

వాళ్ళ బండి కదిలేటప్పుడు కిటికీలోంచి తన ఊరి పేరు చెప్పింది. అప్పటికి నాకు రాయడం రాదు, పేరు నిలవలేదు. అన్నం వేళకు ఆయన పక్కన ఎవరు కూర్చుంటున్నారో అని ఇప్పటికీ అనుకుంటాను.