మామిడితోట బొమ్మలో మా పద్మ

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మా అత్తగారు నమ్ముతారు. అయినా ఆ రోజు నేను చూశానంటే భ్రమ అన్నారు, ఆవిడ చూడలేదంటే నిజమన్నారు. అందుకే ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎనభైల మొదట్లో సంగతి. తునిలో మాకు బట్టల కొట్టు, వెనకాలే ఇల్లు. మా పెద్దమ్మాయి పద్మ అంతకు కొన్నేళ్ళ ముందు జ్వరంతో పోయింది. పోయిన పిల్ల పేరెత్తితే తర్వాత పుట్టేవాళ్ళకి మంచిది కాదని అత్తగారి పట్టుదల. ఫొటోలు తీసేశారు, గౌన్లు ఏట్లో వదిలేశారు. ఇంట్లో ఎవరూ ఆ పేరు అనకూడదు. కన్నతల్లిని, నేను కూడా! తర్వాత పుట్టిన బుజ్జికి తనకో అక్క ఉండేదనే తెలియదు.

బుజ్జికి ఐదేళ్ళప్పుడు మా తమ్ముడు రైల్వేస్టేషన్లో ఒక బొమ్మల పుస్తకం కొనితెచ్చాడు. పేజీ నిండా సంతో, రేవో, తోటో గీసి, అందులో వస్తువులు దాచేశారు. కింద 'గొడుగు, దువ్వెన, చేప ఎక్కడున్నాయో వెతకండి' అని ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేమిద్దరం నేలమీద బోర్లా పడుకుని వెతికేవాళ్ళం. కొబ్బరాకులో దువ్వెన దొరికినప్పుడు బుజ్జి అరిచిన అరుపుకి కొట్లో బేరాలు ఆగిపోయాయి. చాలాకాలం తర్వాత నేను మనసారా నవ్విన రోజులవి.

ఒకరోజు మామిడితోట పేజీలో అన్నీ దొరికేశాయి. బుజ్జి మాత్రం ఇంకా వేలితో వెతుకుతూనే ఉంది.

"అమ్మా, గడ్డిలో ఒకమ్మాయి దాక్కుంది చూడు."

చూశాను. నుదుటిమీద జుట్టు ఒకపక్క పొట్టి, ఒకపక్క పొడుగు. గౌనుకి ఒకటే జేబు, అదీ చారల గుడ్డది. పద్మ కొట్లో కత్తెర తీసి తన జుట్టు తనే అలా కత్తిరించుకుంది. పద్మ గౌనుకి నేను గుడ్డముక్కతో కుట్టిన జేబే అది.

బుజ్జి పుస్తకం పట్టుకుని వంటింట్లో ఉన్న అత్తగారి దగ్గరికి పరిగెత్తింది.

"మామ్మా, ఇందులో ఒకళ్ళు దాక్కున్నారు. ఎవరో కనుక్కో."

ఎక్కడో చెప్పలేదు, అమ్మాయనీ చెప్పలేదు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాసేపు వెతికారు. తర్వాత ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట నా చెవులతో విన్నాను.

"పద్మా!"

మరుక్షణం పుస్తకం పాలు కాగుతున్న పొయ్యిలో పడింది. అడిగితే, "నేనేం అన్లేదు, నీకేదో మతి చెడింది" అన్నారు. మా ఆయన కూడా, "ఊరుకోవే, అమ్మ పెద్దది" అన్నారు. పెద్దదైతే అబద్ధం నిజమైపోతుందా?

తమ్ముడి చేత అదే పుస్తకం మళ్ళీ తెప్పించాను. మామిడితోట పేజీలో ఆ చోట ఉత్త గడ్డి. "చూశావా!" అన్నారందరూ. చూశాను కాబట్టే అడుగుతున్నాను. ఏమీ లేని చోట ఆవిడకి ఏం కనిపించింది? ఏమీ కనిపించకపోతే పసిపిల్ల పుస్తకం కాల్చడమెందుకు?

పుస్తకం కాలిన సాయంత్రమే బుజ్జి, "పద్మ ఎవరమ్మా?" అని అడిగింది. అత్తగారి ముందే చెప్పాను, మీ అక్క అని. ఆవిడ లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆ బొమ్మ ఆ గడ్డిలోకి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. ఒకటి మాత్రం అంటాను. బొమ్మల్లో వస్తువులు దాచినవాడు కింద 'వెతకండి' అని రాశాడు, ఆపాటి న్యాయం ఉంది వాడికి. మావాళ్ళు నా పిల్లని దాచేసి, వెతకొద్దన్నారు. చివరికి వెతికి పెట్టింది దాని చెల్లెలే.