మురళి అన్న, ఆయన పాము, నా చెంచాడు పాలు

మురళి అన్న ఇక లేడు.

నిన్న పొద్దున ఆఫీసుకి వెళ్తూ లువాస్ ట్రామ్‌లో ఉండగా ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ చూశాను. హార్ట్ ఎటాక్. వేరే మురళి ఎవరో అయ్యుంటాడనుకుని రెండు స్టాపులు అలాగే కూర్చున్నాను. శాండీఫోర్డ్‌లో దిగి ప్లాట్‌ఫామ్ మీదే ఏడ్చేశాను.

అన్నకి క్లోనీ అనే ఊరి దగ్గర డేటా సెంటర్‌లో నైట్ షిఫ్ట్. ఒక్కడే ఉండేవాడు.

తోడు ఒక పాము. దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే రకం. షూ లేసంత సన్నం, ఇంతింత కళ్లు. కాస్త విషం ఉన్నా మనుషులకేం కాదట. పగలు నిద్ర, చీకటి పడితే మెలకువ. మా ఇద్దరిదీ ఒకే షిఫ్ట్ అనేవాడు.

బయట పాములే లేని ఈ పరాయి దేశంలో నాగుల చవితికి పుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఫొటోకే పూజ చేసుకునేవాళ్లం.

ఒక ఏడాది మాత్రం అన్న ఇంటికి వెళ్లాను. అప్పటికి నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. పిల్లల కోసం మొక్కుకున్నాను.

"పాములు పాలు తాగవమ్మా శైలజా, జబ్బు చేస్తుంది. గాజు పెట్టె బయట పూలు పెట్టుకో, చాలు" అన్నాడు.

సరేనన్నాను. ఆయన టీ పెట్టడానికి లేవగానే మూత జరిపి నీళ్ల గిన్నెలో చెంచాడు పాలు పోశాను.

వారం తిరక్కుండానే అది తిండి మానేసింది. అన్న లీవ్ పెట్టి పశువుల డాక్టర్ చుట్టూ తిరిగాడు. కోలుకోవడానికి నెల పట్టింది.

ఆయన నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడాది పాప పుట్టింది. అప్పట్నుంచి ప్రతి చవితికీ పాపతో వెళ్లేదాన్ని. గిన్నె కనబడేది కాదు. కడగడానికి తీశాననేవాడు. ఈసారైనా నిజం చెప్పేయాలనుకుంటూనే ఐదేళ్లు గడిపేశాను. సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం స్వోర్డ్స్ ఊళ్లో ఉండే వాళ్ల తమ్ముడు వచ్చి ఇల్లు తెరిచాడు. పాముకి ఏం పెట్టాలో తెలియక కిచెన్ అల్మారాలన్నీ వెతికాం. నోట్‌బుక్ దొరికింది. తను ఊళ్లో లేనప్పుడు చూసుకునేవాళ్ల కోసం రాసిపెట్టాడు. రోజూ ఆకుల మీద నీళ్లు చల్లాలి. గది చల్లబడకూడదు.

ఆఖరి పేజీలో ఇలా ఉంది:

"చవితి రోజు నీళ్ల గిన్నె తీసి దాచండి. శైలజ పాలు పోస్తుంది. తనని ఏమీ అనొద్దు. పిల్లల కోసం మొక్కు."

అన్నకి మొదటినుంచీ తెలుసు.

పాముని మా ఇంటికి తెచ్చుకున్నాను. నీళ్లు నేనే చల్లాను.

క్షమించు అన్నా. నీ షిఫ్ట్ అయిపోయింది, ఇక హాయిగా నిద్రపో.