ఎడమ వెనక మూల

మిరప కోతలప్పుడు నా మినీ లారీకి రెండు పనులు. పొద్దున్నే కూలి ఆడవాళ్లని చేనుకి చేర్చాలి, మధ్యాహ్నం ఎండుమిర్చి కూరిన గోనె టిక్కీలు గుంటూరు యార్డుకి తోలాలి. ఆ ముఠాకి మేస్త్రి ఒక పెద్దావిడ. బండి కదిలే ముందు అందరిచేతా రెండు ముక్కలు ప్రార్థన చేయించేది. నేను మసీదుకెళ్లేవాణ్ణి. ఆమె ప్రార్థన నాకేం అడ్డం కాదు, నా తొందరే దానికి అడ్డం. "ఆమెన్" పూర్తిగా అనకముందే క్లచ్ వదిలేవాణ్ణి.

ఆమె ఎప్పుడూ ఎడమ వెనక మూలనే కూర్చునేది, ఖాళీ గోతాం ఒకటి మడిచి కింద వేసుకుని. "అబ్బాయ్, నా కింద ఏదో కొట్టుకుంటోందయ్యా" అని నెల రోజులుగా చెబుతూనే ఉంది. నాకు కోపమొచ్చేది. పన్నెండేళ్లుగా స్టీరింగ్ పట్టినవాడికి వినపడనిది ఈవిడకి వినపడిందా? టిక్కీలు నింపుకుని యార్డుకి వెళ్తుంటే చప్పుడే ఉండదు. అయినా ఆమె నోరు మూయిద్దామని చిలకలూరిపేటలో వెనక చక్రాల మీద బరువు మోసే కమానులకి అదనంగా ఒక్కో ఇనప పట్టీ వేయించాను. మా దారిలో బళ్లు తోలేవాళ్లందరం చేసే తప్పే ఇది. బండి బాగుందో లేదో టిక్కీలు వేసి చూస్తాం. టిక్కీకి నడుం ఉండదు కదా.

శనివారం సాయంత్రం దిగుతూ ఆమె నడుం పట్టుకుని నిలబడిపోయింది. "సోమారం నించి వేరే బండి చూసుకుంటామయ్యా. నిన్నేం అనట్లేదు. కూర్చోలేకపోతున్నాం."

పదహారు మంది. వాళ్లు పోతే నా సీజన్ పోయినట్టే. కానీ నిజం చెప్పాలంటే, అప్పుడు భయం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

ఆదివారం వాళ్లు కోతకి రారు. నా బావమరిదికి తాళాలిచ్చి, "నువ్వు తోలు, నేను వెనక కూర్చుంటా" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. చర్చి వదిలే వేళకి వెళ్లి, తెల్లచీరలో బయటికొస్తున్న మేస్త్రిని ఆపాను. "ఎక్కడో చూపించు పెద్దమ్మా." ఆమె ఎడమ మూల రేకు మీద అరచేత్తో తట్టింది. "ఇక్కడ. కాలవ వంతెన దిగేటప్పుడు చూడు."

నా బండిలో నేను వెనక కూర్చోవడం అదే మొదటిసారి. వంతెన దిగగానే కింద నుంచి టక్కుమని ఒక దెబ్బ. వెన్ను మెడ దాకా అదిరింది. బరువు లేకపోతే ఆ కొత్త పట్టీ అసలు వంగట్లేదు. రెండోసారి తిప్పించి రేకు మీద చెయ్యి ఆనించాను. మూడోసారి కూడా. దెబ్బ కమాను మధ్యలో కాదు, వెనక కొసన. "చాల్లే బావా!" అని అరిచాడు వాడు. దొరికేదాకా దిగనన్నాను.

మెకానిక్ ఇంటికెళ్లి, బతిమాలి షెడ్డు తీయించాను. అతను జాకీతో బండిని పైకెత్తి, కమాను కొసని పట్టుకునుండే షాకిల్ దగ్గర గడ్డపార దూర్చి కదిపాడు. ఊడబోయే పన్నులా ఆడింది. విప్పి చూస్తే పిన్ను ఒక పక్క సగానికి అరిగిపోయింది. దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు బుష్షు పొడిపొడిగా రాలింది.

"ఇది తెగుంటే బండి పక్కకి లాగేసేదన్నా" అన్నాడు.

ఆ మూలన ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. రెండు వైపులా పిన్నులు, బుష్షులు కొత్తవి వేయించి, అదనపు పట్టీలు పీకించేశాను. "మరి టిక్కీల బరువు సంగతో?" అన్నాడు. "తక్కువ వేసుకుని రెండుసార్లు పోతా" అన్నాను.

సోమవారం పొద్దున్నే వాళ్ల వీధి మొదట్లో బండి పెట్టాను. వేరే బండి ఇంకా రాలేదు. "ఒక్కసారి ఎక్కండి పెద్దమ్మా. వంతెన దాటాక కూడా వద్దనిపిస్తే దిగిపోండి." ఆమె అందరి మొహాలూ చూసి ఎక్కింది. ప్రార్థన మొత్తం అయ్యేదాకా నేను స్టార్ట్ చెయ్యలేదు. వంతెన దిగాను. వెనక వాళ్ల కబుర్లు ఆగలేదు.

చేను దగ్గర ఆమె దిగి నేరుగా నా తలుపు దగ్గరికొచ్చింది. చేతిలో గోతాం మడత విప్పకుండా అలాగే ఉంది.

"ఇవాళ ఇది నాకు అక్కర్లేకపోయింది, నీ టిక్కీల కింద వేసుకో అబ్బాయ్" అంది. "సాయంత్రం అయిదింటికల్లా వచ్చెయ్."