చెప్పుల వరసలో కాంపౌండరు

“మనిషి బెంచీ మీద కూర్చున్నా, వీధిలో నిలబడ్డా నాకనవసరం. గడప ముందు చెప్పుల వరసే వరస. చెప్పులు కదిలాయా, వంతు పోయినట్టే. ఆ రూలు పెట్టింది నేనే బావమరిదీ! ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది.”

పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు దవడకి అరచెయ్యి ఆనించి ఈ మాటన్నాడు. ఊరికే చూసిపోదామని వచ్చిన బావమరిదికి నవ్వాగలేదు. పళ్ల డాక్టరు గుమ్మంలో నిలబడేవాడికే పన్నునొప్పి!

కాంపౌండరు ‘నెక్స్ట్’ అనే మాట వాడని చోటు లేదు. ఇక్కడ అంటే, లోపలికి రమ్మని. ఇంట్లో స్నానాల గది ముందు అంటే, లోపలున్నవాళ్లు బయటికి రమ్మని. భార్యతో వాదనలో అంటే, ఆ సంగతి ఇంతటితో వదిలెయ్యమని. ఆవిడ వదిలేది కాదనుకోండి. ఇప్పుడు ఆ మాట అనబోతే చాలు, చివర్న పళ్లు కరుచుకుని ప్రాణం జివ్వుమంటోంది.

పొద్దున్నే తన చెప్పులూ వరసలో విడిచాడు. అవి ముందుకొచ్చే వేళకి డాక్టరు ఏదో ఒకటి తెమ్మనడం, ఈయన చెప్పులు తొడుక్కుని మందుల షాపుకి పోవడం, తిరిగొచ్చి మళ్లీ తోకలో విడవడం. మధ్యాహ్నం దాటితే డాక్టరు ఊరెళ్లిపోతాడు, వచ్చేది వారానికి. అన్నం నమిలి తిన్న జ్ఞాపకమే పోయింది కాంపౌండరుకి.

“ఉత్తకాళ్లతో వెళ్లొచ్చుగా బావా?”

“రోడ్డు పెనంలా కాలుతోంది. పన్ను ఒక్కటి చాలదూ, అరికాళ్లు కూడానా?”

“పోనీ, డాక్టరుగారితో చెప్పి ముందే కూర్చో.”

వరసలో ఉన్న పెద్దావిడ చెవిన పడనే పడింది. “ఆఁ, కూర్చోమను! మొన్న నా మనవడు గుక్కపెట్టి ఏడుస్తుంటే వదిలాడా ఈయన? చెప్పులెక్కడున్నాయమ్మా, అన్నాడు!”

కాంపౌండరు గొంతు తగ్గించాడు. “విన్నావుగా. ఇవాళ నేను వరస తప్పితే రేపు నా మాట పిల్లి కూడా వినదు.”

పెద్దావిడ వంతు వచ్చింది, వెళ్లింది, దవడ పట్టుకుని బయటికొచ్చింది. కాంపౌండరు మొహం వెలిగింది. “నెక్స్ట్ నేనే!”

లోపల గంట మోగింది. “దూది అయిపోయిందోయ్!”

అలవాటు కొద్దీ చెప్పులోకి పోబోయిన కాలు గాల్లోనే ఆగింది. వెనకున్నవాళ్లందరి చూపులూ ఆ కాలి మీదే. కాంపౌండరు గబుక్కున బావమరిది చొక్కా పట్టుకున్నాడు.

“నువ్వు పట్రా నాయనా! వీధి చివర షాపు, దూదికట్ట. దారిలో ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకు. నీ కాళ్లకి దండం పెడతా, పరుగెత్తు!”